హాట్‌ఫీల్డ్ యూనివర్సిటీ వయసెంత?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని హాట్‌ఫీల్డ్‌లో, హెర్ట్‌ఫర్డ్‌షైర్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ‘మీది తొంభైరెండులో పుట్టిన యూనివర్సిటీ, పాతవాటికి సాటి రాదు’ అని నా రూమ్మేట్ తెగ ఏడిపిస్తోంది. నేనేమో 1952 అని చదివాను. ఎవరిది కరెక్టు? ఇక్కడి క్యాంపస్‌కి డీ హావిలాండ్ అని ఎందుకు పేరు పెట్టారు?
– ఒక విద్యార్థిని

జవాబు: ఇద్దరిదీ కరెక్టేనమ్మా. చదువులు మొదలైంది 1952లో, యూనివర్సిటీ హోదా వచ్చింది 1992లో. మీ రెండో ప్రశ్నకు జవాబు తెలిస్తే మొదటిదీ తేలిపోతుంది.

డీ హావిలాండ్ అంటే విమానాల కంపెనీ. రెండో ప్రపంచ యుద్ధంలో పేరు మోసిన మస్కిటో విమానం హాట్‌ఫీల్డ్‌లోనే మొదటిసారి ఎగిరింది, 1940 నవంబరులో. దాన్ని చాలావరకు చెక్కతో చేశారంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. ప్రపంచంలో తొలి జెట్ ప్రయాణికుల విమానం కామెట్ 1949లో పైకి లేచిందీ అక్కడి నుంచే. ఇన్ని విమానాలు చేయాలంటే లెక్కలు, లోహాలు తెలిసిన కుర్రాళ్లు కావాలి కదా? కంపెనీ చైర్మన్ అలన్ బట్లర్ 1944లో, యుద్ధం ఇంకా సాగుతుండగానే, చదువుల కోసమని రో గ్రీన్ దగ్గర భూమి ఇచ్చాడు. అక్కడే 1952లో హాట్‌ఫీల్డ్ టెక్నికల్ కాలేజీ వెలిసింది. మీరు రోజూ చూసే కాలేజ్ లేన్ క్యాంపస్ అదే.

1969లో అది హాట్‌ఫీల్డ్ పాలిటెక్నిక్ అయింది. నేను చదివింది ఆ రోజుల్లోనే, ఎనభైల్లో. డిప్లొమా కాలేజీ అనుకునేరు! డిగ్రీలు, పీహెచ్‌డీలు అన్నీ ఉండేవి. కాకపోతే డిగ్రీ ఇచ్చే అధికారం పాలిటెక్నిక్‌కు లేదు. నా సర్టిఫికెట్ మీద పైన పెద్దక్షరాలతో ఉండేది కౌన్సిల్ ఫర్ నేషనల్ అకడమిక్ అవార్డ్స్ అన్న పేరు. నేను చదివిన చోటు పేరు కింద ఎక్కడో. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ‘ఈ కౌన్సిల్ ఏమిటండీ?’ అని అడిగితే విసుగొచ్చేది. పాఠం చెప్పేది ఒకరు, పట్టా ఇచ్చేది ఇంకొకరు. ఈ ఏర్పాటును 1965లో విద్యామంత్రి ఆంథొనీ క్రాస్‌లాండ్ గట్టిగానే సమర్థించాడు: యూనివర్సిటీలు ఒక వరస, స్థానిక ప్రభుత్వ సంస్థల చేతిలోని కాలేజీలు ఇంకో వరస. ఉద్దేశం మంచిదే కావచ్చు. రెండో వరసను మాత్రం జనం ఎప్పుడూ రెండో రకంగానే చూశారు.

1992లో జాన్ మేజర్ ప్రభుత్వం తెచ్చిన చట్టంతో ఆ గోడ కూలింది. పాలిటెక్నిక్‌లు యూనివర్సిటీలయ్యాయి, సొంత పట్టాలు ఇచ్చుకోసాగాయి. చిత్రమేమిటంటే, ఇటు కాలేజీ ఎదుగుతుంటే అటు దాన్ని పుట్టించిన విమానాల పని అడుగంటింది. తొంభైల తొలి సగంలోనే ఫ్యాక్టరీ మూతపడింది. ఆ ఎయిర్‌ఫీల్డ్ స్థలంలోనే 2003లో యూనివర్సిటీ రెండో క్యాంపస్ తెరిచింది. అందుకే ఆ పేరు. పక్కనే మస్కిటో వే, కామెట్ వే అని రోడ్లున్నాయి, గమనించే ఉంటారు. పాత విమానాల హ్యాంగర్‌లో ఇప్పుడు జిమ్ నడుస్తోంది. అన్నట్టు మీరెక్కే యూనో బస్సులు కూడా యూనివర్సిటీవే, 1992లోనే మొదలుపెట్టారు.

సాటి సంగతంటారా, కంప్యూటర్లంటే చాలామందికి తెలియని 1960ల మొదట్లోనే కంప్యూటర్ కొన్న కాలేజీ మీది. అది చెప్పండి మీ రూమ్మేట్‌కి.

ప్రశ్న: మా నాన్నగారు 1986లో బ్రిటన్‌లో ఒక పాలిటెక్నిక్ నుంచి డిగ్రీ తీసుకున్నారు. సర్టిఫికెట్ పోయింది. పట్టా ఇచ్చిన ఆ కౌన్సిలే ఇప్పుడు లేదట. ఎవరిని అడగాలి?
– ఒక పాఠకుడు

జవాబు: టెన్షన్ పడకండి. కౌన్సిల్ రద్దయ్యాక దాని పట్టాల రికార్డులు ఓపెన్ యూనివర్సిటీకి అప్పగించారు. పూర్తి పేరు, పుట్టిన తేదీ, చదివిన చోటు, పాసైన ఏడాది వివరాలతో వాళ్లకు రాయండి. మార్కుల జాబితా కావాలంటే మాత్రం ఆ పాలిటెక్నిక్ ఇప్పుడు ఏ యూనివర్సిటీగా మారిందో చూసి, అక్కడే అడగాలి.