మేనకోడలికి ఉత్తరం: పక్కన ఎంతకాలం నిలబడాలి?

చిరంజీవి చిట్టితల్లిని ఆశీర్వదించి మీ అత్తయ్య వ్రాయునది.

మీ ఆసుపత్రిలో మేధోవైకల్యం ఉన్న ఆరుగురు యువతీయువకులను పది నెలల ఇంటర్న్‌షిప్‌కు తీసుకోబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పటి నుండి నా మనసు కుదురుగా లేదు. సికింద్రాబాదులో ఇరవై ఆరేళ్లు ప్రత్యేక విద్య ఉపాధ్యాయినిగా పనిచేసినదాన్ని కనుక, గర్వం ఎంత ఉన్నా నోటికి ముందు భయమే వస్తుంది.

యూడీఐడీ కార్డులు (ప్రభుత్వం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డులు), బస్సు పాసులు, స్టైపెండ్ పడే బ్యాంకు ఖాతాలు మొదటి రోజుకు ముందే చూసుకో. ఖాతా వారి పేరు మీదే ఉండాలి. ఇరవై రెండేళ్లవాడి బుగ్గ గిల్లి ముద్దుచేసే సిబ్బందిని అక్కడికక్కడే ఆపు.

1996లో అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో మొదలైన ప్రాజెక్ట్ సెర్చ్ పద్ధతినే నీవు అనుసరిస్తున్నావట. మంచిదే. అక్కడి అత్యవసర విభాగంలో సామాన్లు అరల్లో సర్దే పనికి మనుషులు నిలవకపోవడం చూసిన ఒక నర్సుకు వచ్చిన ఆలోచన అది. అంటే జాలితో కాక, ఆసుపత్రి అవసరంతో మొదలైంది. శిక్షణ పొందేవారు మూడు విభాగాల్లో వంతులవారీగా పనిచేస్తారు, పక్కనుండి పని నేర్పే జాబ్ కోచ్ వెంట ఉంటాడు. కోచ్ పక్కన నిలబడటం అందరికీ కనబడుతుంది గానీ, అతడు తప్పుకోవడం ఎవరికీ కనబడదు. నేను దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే.

ఇరవై ఏళ్ల కిందట డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒక అబ్బాయిని ఒక హోటల్ లాండ్రీలో చేర్చాను. తువ్వాలును నిలువుగా మూడు మడతలు, అడ్డంగా రెండు, చీటీ లోపలికి వచ్చేలా మడవడం నేర్పాను. నేను అతడి ఎడమ పక్కన నిలబడి, ఒక్కో తువ్వాలు పూర్తికాగానే "ఊఁ" అనేదాన్ని. అతడు మరొకటి అందుకునేవాడు. రెండు నెలల్లో మేనేజరు మెచ్చుకున్నాడు, నేను పొంగిపోయి "ఇక మీవాడు స్థిరపడ్డట్టే" అని వాళ్లమ్మతో అనేశాను. తరువాతి వారం నాకు జ్వరం వచ్చి నాలుగు రోజులు వెళ్లలేదు. మొదటి రోజు అతడు ఒక తువ్వాలు మడిచి, దాని మీద చెయ్యి పెట్టుకుని, ఎడమ వైపు చూస్తూ మధ్యాహ్నం దాకా నిలబడ్డాడట. మూడో రోజు ఇంటికి పంపేశారు.

సూపర్‌వైజరును నెల రోజులు తిట్టుకున్నాక గానీ నాకు తెలిసిరాలేదు. అతడి లెక్కలో పని పూర్తయ్యేది నా "ఊఁ"తోనే. అది నేను పెట్టిన తాళం, దాని తాళంచెవి నా కొంగున కట్టుకుని ఇంట్లో పడుకున్నాను. అదే సూచన నా నోట కాక, పది గళ్లు గీసిన అరలో ఉండి, ఒక గడి నిండితే తరువాతి గడి ఖాళీగా కనబడుతూ ఉంటే, అతడికి నాతో పని ఉండేది కాదు. అతడికి ఇప్పుడు నలభై దాటాయి. ఇంట్లో తువ్వాళ్లన్నీ వాడే మడుస్తాడని వాళ్లమ్మ మామూలుగానే చెబుతుంది. నాకే గుచ్చుకుంటుంది.

కాబట్టి, తల్లీ, మీ కోచ్ రోజుకు ఎన్నిసార్లు నోరు తెరిచాడో రెండో వారం నుండే రాయించు. ఆ అంకె వారం వారం తగ్గాలి. అతడు ముందు చెయ్యి దూరానికి, తరువాత గుమ్మం దగ్గరికి, ఆ తరువాత పక్క గదికి జరగాలి. ఈలోగా ఆ విభాగంలోనే ఏళ్లుగా పనిచేస్తున్న ఒకరికి ఆ సూచనలన్నీ అప్పగించాలి. రెండో నెలలో ఒక రోజు కావాలనే కోచ్‌ను మాన్పించి, ఏది ఆగిపోతుందో చూడు. సరిదిద్దుకోవడానికి ఇంకా ఎనిమిది నెలలుంటాయి.

మరొకటి, పదకొండో నెల సంగతి, అంటే ఇంటర్న్‌షిప్ ముగిశాక వారి ఉద్యోగాల సంగతి, నీవు మీ నాన్నతో చెప్పనే లేదట. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని నాలుగు శాతం రిజర్వేషన్ ప్రభుత్వ కొలువులకే; అందులోనూ మేధోవైకల్యం, ఆటిజం, మానసిక అనారోగ్యం వంటివారందరికీ కలిపి ఒక్క శాతమే. మీది ప్రైవేటు ఆసుపత్రి. ఏ విభాగంలో ఎన్ని ఖాళీలు రాబోతున్నాయో ఇప్పుడే కాగితం మీద అడుగు.

నేను మూడో నెలలో వస్తాను. దుప్పట్లు, తువ్వాళ్లు ఉంచే లినెన్ గదిలో నాకు కుర్చీ వేయించకు, వేస్తే తలుపు బయట వేయించు.

మీ అత్తయ్య