బిడ్డా, ఆ వీసా మీద ఏం రాసుందో చదువు

హన్మకొండలో ఉన్న మేనకోడలు పిల్లకు, మేనమామ రాసేది.

మొన్న ఫోన్‌లో నువ్వు ఇటలీ సంగతి చెప్పగానే "మంచిది బిడ్డా" అని పెట్టేశాను. కోపమనుకున్నావేమో. కోపం కాదు, గొంతు పెగల్లేదు. మన ఇంటి ఆడపిల్ల వరంగల్‌లో అగ్రికల్చర్ బీఎస్సీ చదివి, ఆలివ్ కాయ తెంపడానికి విమానమెక్కి పోతానంటే గర్వం ఉండదా? ఉంది. దాని వెనకాలే భయమూ వచ్చింది. పొద్దుపోయేదాకా వాకిట్లోనే కూర్చున్నాను. మీ అత్త రెండుసార్లు వచ్చి చూసి పోయింది. ఫోన్‌లో చెబితే "మామా, టెన్షన్ పడకు" అని నవ్వి తీసేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

నాకు అర్థమైంది ఇది. రోజుకు నాలుగైదు గంటలు పొలం పని, దానికి బదులు తిండి, పడక. వాళ్లు పైసలివ్వరు, నువ్వు అడగవు. వూఫ్ అంటారని నీ తమ్ముడు చదివి చెప్పాడు. 1971లో ఇంగ్లండ్‌లో మొదలైందట, నేను పుట్టిన ఏడే. పట్నంలో నౌకరీ చేసేవాళ్లు శని, ఆదివారాలు ఊరికి పోయి మట్టి ముట్టుకోవడానికి పెట్టుకున్న పద్ధతి ఇప్పుడు దేశదేశాలకు పాకింది. దాన్ని తప్పు పట్టను. కానీ చివరికి ఒక మాటన్నావు చూడు, "జీతం లేదు కాబట్టి అది పని కాదు మామా, టూరిస్టు వీసా చాలు" అని. నా నిద్ర పోయింది ఆ మాటకు.

మీ తాత చిన్నతనంలో దొర దగ్గర జీతం ఉన్నాడు. పేరుకే జీతం. దక్కింది రెండు పూటల గట్క, ఏడాదికో ధోతి. అట్లని ఊళ్లో ఎవరైనా ఆయన్ని దొరింటి చుట్టం అన్నారా? జీతగాడనే అన్నారు. న్యూజిలాండ్ ఇమిగ్రేషన్ వాళ్లదీ ఇదే లెక్క. తిండికీ పడకకూ బదులు చేసేది పనే, దానికి పని చేయనిచ్చే వీసానే కావాలంటారు. బ్రిటన్‌లో విజిటర్ వీసా మీద వాలంటీరు పనికి ఒప్పుకుంటారు గానీ మొత్తం 30 రోజులే, అదీ రిజిస్టరైన చారిటీకే. ఎవరో రైతు సొంత తోట చారిటీ కాదు కదా. అమెరికాలో అయితే దిగిన చోటే ఫోన్ తీసుకుని చూడగలరు. అందులో "ఫలానా తోటలో పనికొస్తున్నా" అని మెసేజ్ ఉంటే అక్కడి నుంచే తిప్పి పంపే ప్రమాదం ఉంది. కౌంటర్ దగ్గరే రిమూవల్ ఆర్డర్ రాశారంటే ఐదేళ్లు ఆ గడప తొక్కలేవు.

1994లో నాకు నీ వయసే. కోరుట్లలో ఒక ఏజెంటు ఉండేవాడు, పేరు వద్దులే. "విజిట్ వీసా మీద దిగు, దిగినాక నేను మార్పిస్తా" అన్నాడు. మీ అమ్మకు సంబంధాలు చూస్తున్నారు, చేతిలో పైస లేదు. ఎస్సారెస్పీ కాలువ కింద ఉన్న ఎకరం కుదువపెట్టి, మూడు రూపాయల వడ్డీకి నలభై వేలు తెచ్చి వాడి చేతిలో పోశాను. నా పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే పనికి పోవాలంటే ముందు మన సర్కారు అనుమతి కావాలన్న ముద్ర. విమానం దగ్గర అడ్డం రాకుండా "పుషింగ్" అని ఇంకొన్ని పైసలు గుంజాడు. దొంగతనానికి కూడా ఇంగ్లిషు పేరు పెడితే గౌరవంగా వినిపిస్తుంది.

గల్ఫ్‌లో అల్ ఐన్ అవతల ఒక మజ్రాలో దించారు. మజ్రా అంటే తోట, అంతా ఖర్జూరం. పనిని మాత్రం తప్పు పట్టను బిడ్డా. ఖర్జూరంలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మగపువ్వు రెమ్మ తెచ్చి ఆడచెట్టు గెలలో మన చేత్తో పెట్టాలి, గాలిని నమ్ముకుంటే కాయ సరిగా పట్టదు. ఆ ఇకమతు చేతికి వచ్చిన రోజు నాకెంత సంబరమో. మొన్న ఆలివ్ గురించి చెప్పేటప్పుడు నీ గొంతులో అదే సంబరం వినిపించింది.

వీసా గడువు ఏ రోజు అయిపోయిందో నాకు తెలియదు. నిజంగానే తెలియదు. పాస్‌పోర్టు అర్బాబు, అంటే యజమాని దగ్గర, అడిగితే "భద్రంగా ఉంది" అనేవాడు. ఒకరోజు కూరగాయల బండి తోలే మలబారీ అన్నాడు, "నువ్వు ఖల్లివల్లి కదా" అని. కాగితాల్లేని మనిషిని అక్కడ మనోళ్లు అనే మాట అది. అదే చెట్టు, అదే పని, నేను మాత్రం ఆ రోజు నుంచి దొంగనైపోయాను. దూరంగా బండి దుమ్ము లేస్తే చెట్టు దిగేవాణ్ని కాదు. జ్వరమొస్తే ఆస్పత్రికి పోలేదు, పతాకా, అంటే గుర్తింపు కార్డు చూపెట్టమంటారని. మూడు నెలల జీతం ఆపితే నోరెత్తలేదు. ఎవరికి చెప్పుకుంటాను? చెప్పుకునే చోటికి పోతే పట్టుకునేది నన్నే.

1995లో మీ అమ్మ పెళ్లయింది. మీ ఇంట్లో ఆల్బం ఉంది కదా, అప్పగింతల ఫొటో చూడు. నేను నిలబడాల్సిన చోట మా చిన్నాయిన కొడుకు ఉంటాడు. వాడి చేతికున్న వాచీ నేను పంపిందే, మీ నాయిన కోసం. ఎవరూ చెప్పక వాడు పెట్టుకున్నాడు. ఆ వాచీ గురించి మీ అమ్మ ఈరోజుదాకా ఒక్క మాట అనలేదు.

1996లో అక్కడి సర్కారు క్షమాభిక్ష ప్రకటిస్తే, ఇంటికి పోనిచ్చే కాగితం ఔట్‌పాస్ కోసం లైన్‌లో నిలబడ్డాను. లక్షల మంది కదిలిన ఏడాది అది. బతుకమ్మ రోజుల్లో ఇల్లు చేరాను. సంచిలో రెండు దుప్పట్లు, ఒక ఖర్జూరం డబ్బా. వడ్డీ మీద వడ్డీ పెరిగి ఎకరం పోయింది. మొన్న దసరాకు కారులో వస్తూ "ఎంత పచ్చగా ఉంది మామా ఈ పసుపు చేను" అన్నావే, అదే ఆ ఎకరం. అప్పుడు చెప్పబుద్ధి కాలేదు.

ఏజెంటును నమ్మడమే నా తప్పని అందరూ అంటారు. నాకు తెలిసిన తప్పు వేరు. ఎక్కే ముందు రెండు రోజులు ఆ వీసా కాగితం నా చేతిలోనే ఉంది. మా ఇంటి ఎదురుగా హైస్కూల్ సారు ఉండేవాడు. పోయి "దీని మీద ఏముంది సార్" అని అడిగితే సరిపోయేది. ఇంగ్లిషు చదవడం రాదని తెలిసిపోతుందని సిగ్గుపడ్డాను. అందుకే ఇప్పుడు మన ఊళ్లో ఎవరి వీసా వచ్చినా ముందు నా గద్దె మీదికి రావాలంటాను. కూడబలుక్కునైనా చదివిస్తాను.

నీకు చదువుంది, సిగ్గు అక్కర్లేదు. ఇటలీ కాన్సులేట్‌కు ఈమెయిల్ రాయి. ఇన్ని రోజులు, రోజుకిన్ని గంటలు, తిండి పడక వాళ్లది, పైసలు లేవు, దీనికి ఏ వీసా అడగాలి అని సూటిగా అడుగు. తోటవాళ్లు "అందరూ టూరిస్టు వీసా మీదే వస్తారు" అంటే నమ్మకు, అందరూ అంటే ఎవరు? కాన్సులేట్ జవాబు ప్రింట్ తీసి పెట్టుకో. వద్దంటే మానెయ్. అప్పుడు ఆస్ట్రేలియా చూడు. వర్క్ అండ్ హాలిడే వీసా 2024 నుంచి మనవాళ్లకూ ఇస్తున్నారు. ఏడాదికి 1,000 మందికే, 18 నుంచి 30 ఏళ్ల వాళ్లకు, లాటరీ తీస్తారు. పనిని పని అని రాసిచ్చే వీసా కాబట్టి నా మనసు అటే ఉంది. నీకేమో ఆలివ్ కావాలె.

మిగతావి నీకు తెలిసినవే. షెంగెన్, అంటే ఇటలీతో పాటు చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా, దాని దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచి వేయొచ్చు, 15 రోజుల కన్నా ఆలస్యం చేయకూడదు, ఫీజు 90 యూరోలు, వీసా రాకున్నా అది తిరిగి రాదు. బ్యాంకులో లేని పైసలు ఉన్నట్టు చూపెట్టడానికి వారం ముందు అప్పు తెచ్చి వేయమని ఎవరైనా చెబితే వినకు. డమ్మీ హోటల్ బుకింగ్ పెట్టిస్తామనేవాడి దుకాణం మెట్టు కూడా ఎక్కకు, వాడూ నా ఏజెంటు తమ్ముడే.

రోజులు లెక్కపెట్టుకో. 180 రోజుల్లో 90 వరకే ఎవరికైనా, నీ వీసా మీద అంతకన్నా తక్కువ రాసిస్తే అంతే. దిగిన రోజు, ఎక్కే రోజు రెండూ లెక్కలోవే. 2025 అక్టోబర్ నుంచి స్టాంపుల బదులు ఫొటో, వేలిముద్ర తీసుకునే పద్ధతి మొదలుపెట్టారు, కంప్యూటరే రోజులు లెక్కేస్తుంది. నాకు తెలియకుండా గడువు దాటింది, నీకా సాకు కూడా లేదు.

ఇన్సూరెన్సు 30,000 యూరోలకు తగ్గకుండా ఉండాలన్నది వీసా కోసం. నేనడిగేది వేరు. నిచ్చెన మీది నుంచి పడితే, మెషీన్‌లో వేలు పడితే ఆ పాలసీ ఇస్తుందా? తిరగడానికి పోయినవాళ్ల పాలసీలు చాలావరకు చేతిపని దెబ్బలకు ఇవ్వవు. 2024 జూన్‌లో అదే ఇటలీలో, లాటినా దగ్గర పొలంలో, కాగితాల్లేని పంజాబీ కూలీకి మెషీన్‌లో పడి చెయ్యి తెగితే, ఆస్పత్రికి తీసుకుపోకుండా అతని ఇంటి దగ్గర వదిలేసి పోయారు. రెండు రోజులకు చనిపోయాడు. నువ్వు పోయే తోట అట్లాంటిది కాదని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను.

పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకు. హోస్టు ఎంత మంచివాళ్లయినా జిరాక్స్ ఇవ్వు, అసలుది నీ నడుముకే ఉండాలి. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా పోతే నీ ఎంట్రీ అక్కడిదవుతుంది కాబట్టి, ఇటలీలో దిగిన 8 రోజుల్లోపు క్వెస్తూరా అనే పోలీసు ఆఫీసులో వచ్చానని చెప్పుకోవాలి. నిన్ను ఇంట్లో పెట్టుకున్నవాళ్లు 48 గంటల్లో పోలీసులకు తెలియజేయాలి. ముందే వాళ్లను అడుగు. చేస్తామంటే మంచి ఇల్లు. "అవన్నీ ఎందుకు" అన్నారో, ఇంకో తోట చూసుకో.

చపాట మిరప విత్తనాలు తీసుకుపోయి వాళ్లకిస్తానన్నావు. మొక్కల రోగాలు, పురుగులు లేవన్న సర్టిఫికెట్ లేకుండా విత్తనం, మొక్క, పండు ఏదీ యూరప్‌లోకి రానివ్వరు. సర్టిఫికెట్ అక్కర్లేని పండ్లు ఐదే: అనాస, కొబ్బరి, దురియన్, అరటి, ఖర్జూరం. ఖర్జూరానికి కాగితాలు అక్కర్లేదట చూడు! నీ తమ్ముడు చదివి వినిపిస్తే మీ అత్త నా మొహం చూసి నవ్వింది.

పాలు, మాంసంతో చేసినవి కూడా రానివ్వరు. సకినాలు నూనెవి పట్టుకుపో. మీ అమ్మ ఎట్లాగూ బట్టల మధ్య నెయ్యి సీసా దాచి పెడుతుంది. ఎయిర్‌పోర్టుకు పోయే ముందు తీసి పక్కన పెట్టు, నేను చెప్పానని మాత్రం చెప్పకు.

మీ మామ