షుగర్ ఉంటే లారీ లైసెన్స్ రెన్యువల్ కాదా?

ప్రశ్న: నా వయసు 46. మిర్యాలగూడ మిల్లుల నుంచి కాకినాడకు బియ్యం లోడ్లు తోలుతాను. ఆరేళ్లుగా షుగర్ ఉంది. పొద్దున మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర వేసుకుంటాను. ఈమధ్య కోదాడ దాటాక ఒళ్లంతా చెమటలు పట్టి చేతులు వణికాయి. బండి ఆపి టీ తాగాక తేరుకున్నాను. వచ్చే నెల లైసెన్స్ రెన్యువల్ ఉంది. షుగర్ సంగతి చెబితే డాక్టర్ ఇచ్చే మెడికల్ సర్టిఫికెట్, అదే ఫారం 1ఏ మీద సంతకం పెట్టరని తోటి డ్రైవర్లు అంటున్నారు. డ్యూటీ రోజు మాత్ర మానేస్తే సరిపోతుందా?
– ఓ పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: షుగర్ ఉన్నంత మాత్రాన లైసెన్స్ పోదు. మీరు సంతకం చేసే ఫారం 1లో షుగర్ అన్న మాటే ఉండదు. మూర్ఛ ఉందా, ఉన్నట్టుండి స్పృహ తప్పడం, కళ్లు తిరగడం ఉన్నాయా, 25 మీటర్ల దూరం నుంచి నంబర్ ప్లేట్ కనిపిస్తుందా, రేచీకటి ఉందా అని అడుగుతారు. మీరు నడిపితే జనానికి ప్రమాదం తెచ్చే జబ్బు ఇంకేదైనా ఉందా అని కూడా ఉంటుంది. కాబట్టి కోదాడ దగ్గర జరిగింది డాక్టర్‌కు దాచకండి. మందు మార్చి కొన్ని వారాలు చూశాకే సంతకం పెడతానంటే ఒప్పుకోండి. అంతలో లైసెన్స్ గడువు దాటితే స్టీరింగ్ పట్టొద్దు.

నాకు భయం వేసింది ఆ చెమటల గురించి చదివినప్పుడే. అది షుగర్ పడిపోయిన లక్షణంలా ఉంది. గ్లిమిపిరైడ్ వేసుకుని, లోడింగ్ హడావుడిలో తిండి మానేస్తే ఇలాగే అవుతుంది. 70 కంటే కిందికి దిగితే చేతులు వణుకుతాయి, చూపు మసకబారుతుంది, ఊరికే కోపం వస్తుంది. ఇంకా దిగితే బ్రేక్ వేయాలన్న ఆలోచనే రాదు. లోడు మీదున్న లారీలో ఆ కొద్ది క్షణాలే ప్రాణాల మీదికి తెస్తాయి.

అలాగని మాత్ర మానేయడం దారి కాదు. షుగర్ బాగా పెరిగినా చూపు మసకబారుతుంది, నిద్ర ముంచుకొస్తుంది. తినకుండా ఆ మాత్ర వేసుకోవద్దు, అంతే. షుగర్‌ను అంతగా పడేయని సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ లాంటి మందులున్నాయి. మీకు సరిపడతాయేమో మీ డాక్టర్‌ను అడగండి.

క్యాబిన్‌లో గ్లూకోమీటర్, గ్లూకోజ్ పొడి ఉంచుకోండి. బండెక్కే ముందు, దారిలో రెండు గంటలకోసారి చూసుకోండి. 90 కంటే తక్కువుంటే ఏదైనా తిని, పెరిగిందని చూసుకున్నాకే కదలండి. దారిలో వణుకు మొదలైతే డాబా దాకా వెళ్దాం అనుకోవద్దు. పక్కకు ఆపి, తాళంచెవి తీసి, మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి. 70 దాటకపోతే మరోసారి తాగండి. ఆ తర్వాత ఇడ్లీయో అన్నమో తినండి. షుగర్ మామూలుకు వచ్చాక కూడా ముప్పావుగంట ఆగాకే బయల్దేరండి. బిస్కెట్లు నమ్ముకోవద్దు, అవి షుగర్‌ను నిదానంగా పెంచుతాయి.

మీ ఓనర్‌కూ ఒక మాట. మోటార్ రవాణా కార్మికుల చట్టం, 1961 ప్రకారం డ్యూటీ రోజుకు 8 గంటలుగా ఉండేది, 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన కార్మిక కోడ్‌లోనూ అంతే. అన్నం తినే టైమ్ కూడా ఇవ్వకుండా లోడు తోలించడం డ్రైవర్ ప్రాణంతో ఆడుకోవడమే. ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటా ఫిట్‌నెస్ చేయిస్తారు. రవాణా లైసెన్స్‌కు మాత్రం ఐదేళ్లకోసారే పరీక్ష. అందుకని మీ అంతట మీరే ఏటా రెటీనా, పాదాల స్పర్శ చూపించుకోండి. స్పర్శ తగ్గితే పెడల్ మీద కాలు ఎంత నొక్కిందో తెలియదు. మూడు నెలల సగటు షుగర్ తెలిపే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష మూడు నెలలకోసారి చేయించండి.

కంటి పరీక్ష మాత్రం ఫారం 1ఏ కోసం వెళ్లకముందే చేయించుకోండి, అద్దాలు అవసరమైతే ముందే చేయించుకోవచ్చు. రెటీనా చూసేందుకు చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. ఆ రోజు లోడు ఒప్పుకోవద్దు, ఇంటికి బైక్ కూడా మీరు నడపొద్దు.