ఒకే తేదీ, వేర్వేరు ఏళ్లు: మీరు అడిగారు, మేం చెప్తున్నాం

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా తేదీల మీదే. ఒకే తేదీన వేర్వేరు ఏళ్లలో జరిగిన పెద్ద సంఘటనలు చూసి చాలామందికి ఆశ్చర్యం, కొంతమందికి భయం కూడా వేసినట్టుంది. కుదిరినన్నిటికి జవాబులు ఇస్తున్నాం, రిపీట్ అయినవి కలిపేశాం.

ప్రశ్న: సెప్టెంబర్ 11 అనగానే 2001లో న్యూయార్క్ టవర్లు కూలడమే గుర్తొస్తుంది. ఆ తేదీన ఇంకేమీ జరగలేదా అండీ?

బోలెడు జరిగాయండీ. 1893లో సరిగ్గా అదే రోజున వివేకానందుడు చికాగో సర్వమత సభలో మొదటిసారి మాట్లాడారు, మత మౌఢ్యానికి ఇక చావుగంట మోగాలని కోరుకున్నది ఆ స్పీచ్‌లోనే. 1906లో అదే తేదీన జొహానెస్‌బర్గ్‌లోని ఎంపైర్ థియేటర్‌లో గాంధీగారూ అక్కడి భారతీయులూ కలిసి, మమ్మల్ని వేలిముద్రలేసి రిజిస్టర్ చేసుకోమనే చట్టానికి లొంగేది లేదని ప్రమాణం చేశారు. సత్యాగ్రహం మొదలైంది అక్కడే, పేరు మాత్రం తర్వాత పెట్టారు. ఇక 1973 సంగతి చూస్తే, చిలీలో సైన్యం అధ్యక్షుడు అయెందే ప్రభుత్వాన్ని కూల్చేసింది, ఏకంగా అధ్యక్ష భవనం మీదే విమానాలతో బాంబులు వేసింది. చిలీ వాళ్లకి ఇప్పటికీ ఆ తేదీ అంటే ముందు గుర్తొచ్చేది అదే. ఇంకో విషయం, 1973లోనూ 2001లోనూ సెప్టెంబర్ 11 మంగళవారమే. దీనికి అర్థాలు వెతక్కండి, ఇరవై ఎనిమిదేళ్లకోసారి క్యాలెండర్ మళ్లీ అదే వరసలోకి వస్తుంది, అంతే.

ప్రశ్న: మనకి ఆగస్టు 15, కొరియా వాళ్లకీ ఆగస్టు 15. ఇదెలా కుదిరింది సర్?

ఇది కుదిరింది కాదు, కుదిర్చింది. 1945 ఆగస్టు 15న జపాన్ లొంగిపోతున్నట్టు ప్రకటించింది, దాంతో కొరియా జపాన్ పాలన నుంచి బయటపడింది. ఆ యుద్ధంలో ఆగ్నేయాసియా మిత్రసేనలకి సుప్రీం కమాండర్ ఎవరూ అంటే మౌంట్‌బాటన్. అసలు మన దగ్గర అధికార బదిలీకి బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన గడువు 1948 జూన్. ఆయన దాన్ని అంత ముందుకి లాగి, తేదీ దగ్గరికొచ్చేసరికి తన గెలుపు రోజునే ఎంచుకున్నాడు. అంటే రెండు దేశాల పండగల వెనకా ఉన్న కారణం ఒక్కటే.

ఇలా కావాలని కలిపిన తేదీలు చాలానే ఉన్నాయి. మన రాజ్యాంగాన్ని ఆమోదించింది 1949 నవంబర్ 26న, కానీ పూర్తిగా అమల్లోకి తెచ్చింది మాత్రం రెండు నెలలు ఆగి, 1930లో పూర్ణ స్వరాజ్య దినం జరుపుకున్న జనవరి 26న. ఫ్రాన్స్‌లో నెపోలియన్ డిసెంబర్ 2న పట్టాభిషేకం చేసుకున్నాడు, మరుసటి ఏడాది అదే రోజున ఆస్టర్లిట్జ్ యుద్ధం గెలిచాడు. తర్వాత ఆయన తమ్ముడి కొడుకు లూయీ నెపోలియన్ 1851లో కుట్ర చేసి అధికారం లాక్కోవాలనుకున్నప్పుడు ఏ తేదీ పెట్టుకున్నాడో చెప్పక్కర్లేదుగా!

ప్రశ్న: మెక్సికోలో మూడు పెద్ద భూకంపాలూ సెప్టెంబర్ 19నే వచ్చాయని చదివాను. ఇది కూడా కాకతాళీయమేనా? నాకు నమ్మబుద్ధి కావట్లేదు.

నాకూ మొదట చదివినప్పుడు ఒళ్లు జలదరించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. 1985 సెప్టెంబర్ 19న వచ్చిన భూకంపంలో మెక్సికో సిటీలో వేలమంది చనిపోయారు. ఆ జ్ఞాపకంగానే ప్రతి ఏటా ఆ రోజున దేశమంతా మాక్ డ్రిల్ చేస్తారు. 2017లో పదకొండు గంటలకి డ్రిల్ చేసి జనం మళ్లీ పనుల్లో పడ్డారు, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక 7.1 తీవ్రతతో నిజం భూకంపమే వచ్చింది, కేంద్రం సిటీకి దగ్గర కావడంతో సైరన్ మోగడం నేల ఊగడం దాదాపు ఒకేసారి జరిగాయి, 360 మందికి పైగా పోయారు. 2022లో మళ్లీ అదే తేదీ, ఈసారి డ్రిల్ అయిన గంటలోపే!

ఇప్పుడు కాస్త చల్లగా ఆలోచిద్దాం. డ్రిల్ రోజునే భూకంపం రావడం, 1985 తేదీనే రావడం అని చాలామంది రెండు వింతలుగా లెక్కేస్తారు గానీ డ్రిల్ పెట్టిందే ఆ తేదీ కోసం కాబట్టి అది ఒక్క వింతే. ఇంకోటి, 2017లో అదే సెప్టెంబర్ నెలలో, 7వ తేదీ రాత్రి మెక్సికో దక్షిణ తీరంలో 8.2 తీవ్రతతో ఇంకా పెద్దది వచ్చింది. అది ఎంతమందికి గుర్తుంది? తేదీ కలవలేదు కాబట్టి కథ కాలేదు. కాకి వాలడం, తాటిపండు పడడం ఒకేసారి జరిగితే కాకతాళీయం అంటాం, కాకి వాలినా పండు పడని చెట్లని మాత్రం ఎవరూ లెక్కపెట్టరు. భూమి పలకల మధ్య ఒత్తిడి ఏళ్ల తరబడి పేరుకుని ఎప్పుడు తట్టుకోలేకపోతే అప్పుడు జారతాయి, వాటికి సెప్టెంబర్ ఏంటి, జనవరి ఏంటి.

అయినా ఆ రోజు మెక్సికో సిటీలో ఉంటే నేను మాత్రం బయటే తిరుగుతా, అది వేరే సంగతి.

ప్రశ్న: షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23న చనిపోయారంటారు. నిజమేనా?

తేదీ ఒకటే, రోజు ఒకటి కాదు. 1582లో పోప్ గ్రెగరీ క్యాలెండర్ సరిచేసినప్పుడు అక్టోబర్ 4 తర్వాత ఏకంగా 15 వచ్చింది. స్పెయిన్ వెంటనే మారింది, ఇంగ్లండ్ మాత్రం మొండికేసి 1752 దాకా పాత లెక్కలోనే ఉంది. కాబట్టి ఇంగ్లండ్ ఏప్రిల్ 23 స్పెయిన్‌లో మే 3. పైగా సెర్వాంటెస్ పోయింది 22న, 23న ఖననం చేశారని చాలామంది పరిశోధకుల మాట. ఇంతా చేసి యునెస్కో ఆ ఇద్దరి పేరు మీదే ఏప్రిల్ 23ని ప్రపంచ పుస్తక దినం చేసింది, చేస్తే చేసింది, నష్టమేముంది.

గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడు అన్నది కూడా ఇదే బాపతు, కొత్త లెక్కలో న్యూటన్ పుట్టింది 1643 జనవరి 4న. గెలీలియోతో నిజంగా తేదీ కలిసింది స్టీఫెన్ హాకింగ్‌కి, గెలీలియో పోయిన సరిగ్గా 300 ఏళ్లకి, 1942 జనవరి 8న పుట్టాడు. ఆ రోజు ఇంకో రెండు లక్షల మంది పిల్లలు కూడా పుట్టి ఉంటారని ఆయనే నవ్వుతూ గుర్తుచేసేవాడు. పోయిందేమో మార్చి 14న, ఐన్‌స్టీన్ పుట్టినరోజున.

ప్రశ్న: పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి కొన్నిచోట్ల డిసెంబర్ 7 అని, కొన్నిచోట్ల 8 అని ఉంటుంది. ఏది కరెక్ట్?

రెండూ. హవాయిలో 1941 డిసెంబర్ 7 ఆదివారం ఉదయం, అదే క్షణాన జపాన్‌లో 8 సోమవారం. చంద్రుడి మీద దిగడం కూడా అంతే, అమెరికాకి జులై 20, మన గడియారంలో అప్పటికే 21 తెల్లవారుజాము.

ప్రశ్న: అమెరికా అధ్యక్షులు ఇద్దరు స్వాతంత్ర్య దినోత్సవం రోజునే పోయారట?

ఇద్దరు కాదు, ముగ్గురు. 1826 జులై 4న, స్వాతంత్ర్య ప్రకటనకి సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజున, జెఫర్సన్ మధ్యాహ్నం పోతే జాన్ ఆడమ్స్ సాయంత్రం పోయాడు. ఆడమ్స్ చివరి మాటల్లో జెఫర్సన్ ఇంకా బతికే ఉన్నాడన్నట్టు అన్నాడని చెప్తారు, అప్పటికే అక్కడ వర్జీనియాలో ఆయన పోయి గంటలయింది, కబురు అందే దారి లేదు. ఐదేళ్లకి మన్రో కూడా అదే తేదీన. ఆ రోజు దాకా ఎలాగైనా ప్రాణం నిలుపుకోవాలని ముసలివాళ్లిద్దరూ పట్టుబట్టారేమో అని కొందరి ఊహ, నాకైతే అది పూర్తిగా కొట్టిపారేయాలనిపించదు. ఇందులో తమాషా ఏంటంటే, కాంగ్రెస్ స్వాతంత్ర్యానికి ఓటేసింది 1776 జులై 2న, దేశం ఎప్పటికీ జరుపుకునేది ఆ రెండో తారీఖే అని ఆడమ్స్ భార్యకి ఉత్తరం కూడా రాశాడు.

ప్రశ్న: నేను నవంబర్ 9న పుట్టాను. ఆ తేదీన చరిత్రలో అన్నీ గొడవలే కనిపిస్తున్నాయి, ఇది మంచి రోజు కాదా?

అయ్యో, అలా అనుకోకండి. మీరు చూసింది జర్మనీ లిస్టు అయి ఉంటుంది: 1918లో చక్రవర్తి పోయి రిపబ్లిక్ ప్రకటన, 1923లో హిట్లర్ కుట్ర విఫలం, 1938లో యూదుల ఇళ్లూ షాపులూ ప్రార్థనా మందిరాల మీద దాడులు, 1989లో బెర్లిన్ గోడ తెరుచుకోవడం. మంచీ చెడూ అలా కలిసిపోయాయనే జర్మన్లు జాతీయ దినానికి అది వదిలేసి అక్టోబర్ 3 పెట్టుకున్నారు. మొత్తం చరిత్రకి ఉన్నవి 366 గళ్లే కదండీ, ఏ గడిలో చేయి పెట్టినా ఓ యుద్ధం, ఓ పట్టాభిషేకం తగులుతాయి. ఒక గదిలో 23 మంది ఉంటే చాలు, ఇద్దరి పుట్టినరోజు కలిసే అవకాశం సగానికి పైనే, ఎందుకంటే 23 మందిలో జతలు 253 అవుతాయి. మీ రోజున గోడ కూడా కూలిందిగా, కేక్ కోసుకోండి.

ప్రశ్న: మరి ఫిబ్రవరి 29న ఎవరైనా గొప్పవాళ్లు పుట్టారా?

మన మొరార్జీ దేశాయ్, 1896లో. నాలుగుతో భాగించినా 1900 లీపు సంవత్సరం కాదు, అందుకే పాపం ఆయన తేదీ మళ్లీ క్యాలెండర్‌లో కనపడేసరికి ఆయనకి ఎనిమిదేళ్లు.