ముందు కర్ర, ఆ తర్వాతే యంత్రం

చిరంజీవి శైలజకు, మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి అన్నీ చెప్పింది. నాంపల్లి బ్యాంకు బ్రాంచిలో పోస్టింగ్ వచ్చిందట, అమీర్‌పేటలో హాస్టల్ కూడా చూసుకున్నావట. ఆ మాట విన్న రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. మొదటి జీతంతో కెమెరా, సెన్సర్లు ఉన్న కళ్లజోడు ఒకటి తెప్పించుకోవాలనుకుంటున్నావని కూడా చెప్పింది. ఆ ఒక్కటీ కొన్నాళ్లు ఆపమ్మా. కొనద్దని కాదు. ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చుకోకుండా కొన్న వస్తువు ఎంత మంచిదైనా అట్టపెట్టెలోనే ఉండిపోతుంది. అలా బీరువాల్లో పడి ఉన్నవి ఎన్నో నా చేతులతో తడిమి చూశాను.

నీకున్నది నాకున్న ఆర్పీయే (రెటినైటిస్ పిగ్మెంటోసా, రెటీనా మెల్లగా దెబ్బతినే కంటి జబ్బు) కాబట్టి నీ అవస్థ నాకు తెలుసు. మధ్యలో చూపు మిగిలింది, అందుకే ఫోన్లో అక్షరాలు చదవగలుగుతున్నావు. పక్కచూపు పోయింది, అందుకే స్తంభాలకు భుజం తగులుతోంది, మోకాళ్ల దగ్గర ఆడుకునే పిల్లలు కనబడటం లేదు. పొద్దు వాలితే ఆ మధ్య చూపు కూడా పనిచేయదు. ‘ఫోన్ చూసుకుంటోంది కదా, ఈ అమ్మాయికి కర్రెందుకు?’ అని మెట్రోలో ఎవరో ఒకరు అంటారు. ఆ మాటకు భయపడే మన జబ్బున్నవాళ్లు ఏళ్లతరబడి కర్రను బ్యాగులో దాచుకు తిరుగుతారు. నువ్వు దాచకు. చూపు ఇంకా కొంత ఉన్నప్పుడే కర్ర పట్టడం నేర్చుకుంటే, అది తగ్గినప్పుడు కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ ఉంటుంది.

దారిలో మనకు తెలియాల్సినవి మూడు. అడుగు వేయబోయే చోట నేల సరిగా ఉందా? నా ముందు, మోకాలి పైన ఏమైనా అడ్డం ఉందా? అసలు నేనెక్కడున్నాను? మొదటిదానికి జవాబు తెల్లకర్ర. రెండోదానికి అల్ట్రాసౌండ్ పరికరం. మూడోదానికి ఫోన్. ఒకదాని పని ఇంకోదానితో చేయించబోతేనే దెబ్బలు తగులుతాయి. ఫోన్ చెప్పింది కదా అని కాలువ మీద మూత లేని చోట అడుగు వేసినవాళ్లున్నారు.

కర్ర గురించి ఎక్కువ చెప్పను. చేత్తో చూపించాల్సిన విద్య అది, ఉత్తరంలో కుదరదు. బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది కదా, అక్కడి పునరావాస కేంద్రానికి వెళ్లి మొబిలిటీ ట్రైనింగ్, అంటే కర్రతో నడిచే శిక్షణ, కావాలని అడుగు. కర్ర నిలబెడితే నీ ఛాతీ దాకా రావాలి. పొట్టి కర్ర కొంటే వంగి నడుస్తావు, నడుం నొప్పి వస్తుంది, హెచ్చరిక కూడా ఆలస్యంగా అందుతుంది. మణికట్టు బొడ్డుకు ఎదురుగా ఉంచి, భుజాల వెడల్పున అటూ ఇటూ తాకిస్తూ పోవాలి. ఎడమ కాలు పడేటప్పుడు కర్ర కుడి వైపు తాకాలి, కుడి కాలు పడేటప్పుడు ఎడమ వైపు. ఇది ఆలోచించకుండా వచ్చేదాకా వేరే ఏ యంత్రమూ చేతిలోకి తీసుకోకు.

వచ్చాక స్మార్ట్‌కేన్ తీసుకో. ఐఐటీ ఢిల్లీలో ప్రొఫెసర్ ఎం. బాలకృష్ణన్ బృందం తయారుచేస్తే, చెన్నైలోని ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్ వాళ్లతో కలిసి 2014లో బయటికి తెచ్చారు. మామూలు మడత కర్రకు పిడి దగ్గర తగిలించే చిన్న పెట్టె అది. మన చెవికి వినబడని శబ్దాన్ని ముందుకు పంపి, అది దేన్నయినా తగిలి వెనక్కి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కకడుతుంది. 3 మీటర్లు పోయి రావడానికి ఆ శబ్దానికి సెకనులో 50వ వంతు కూడా పట్టదు. దూరం మారినకొద్దీ పిడిలో వణుకు తీరు మారుతుంది. మోకాలి పైనుంచి తల దాకా ఉన్న అడ్డాలు దాని పని, కింద గుంటలు, మెట్లు కర్ర మొనవి. ఈ పని విభజన ఎప్పుడూ మర్చిపోకు.

అమీర్‌పేటలో ఆ పెట్టె ఏమేం పట్టిస్తుందో చెబుతాను. సగం దించిన దుకాణం షట్టర్, ఆగి ఉన్న లారీ వెనక నుంచి బయటికి పొడుచుకొచ్చిన ఇనుప కడ్డీలు, ఫ్లెక్సీకి అడ్డంగా కట్టిన వెదురు గడ, గోడకు బిగించిన ఏసీ అవుట్‌డోర్ యూనిట్, ఫుట్‌పాత్ మీదికి వాలిన చెట్టుకొమ్మ. వీటిల్లో ఏ ఒక్కటీ కర్ర మొనకు తగలదు, ఎందుకంటే వాటి కింద నేల ఖాళీగా ఉంటుంది. కర్ర ఖాళీ ఉందనే చెబుతుంది, నుదురు పోయి షట్టర్‌కు కొట్టుకుంటుంది. ఆర్పీ ఉన్నవాళ్లలో చాలామందికి నుదుటి మీద మచ్చలుండేది అందుకే.

దానికి రెండు దూరాలుంటాయి. చిన్నది 1.8 మీటర్లు, పెద్దది 3 మీటర్లు. ఖాళీ రోడ్డు మీద పెద్దది పెట్టుకో. సెకనుకు మీటరు చొప్పున నడిచినా మూడు సెకన్ల ముందే తెలుస్తుంది. జనంలోకి, గది లోపలికి వెళ్లగానే చిన్నదానికి మార్చు. మార్చకపోతే అది ఆగకుండా వణుకుతూనే ఉంటుంది, కాసేపటికి చెయ్యి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. పట్టించుకోని హెచ్చరిక ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. జనవరిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలయ్యాక నాంపల్లి చుట్టుపక్కల సాయంత్రాలు ఇలాగే ఉంటాయి. ఆ జనంలో పెట్టె ఆపేసి, కర్ర నిలువుగా దగ్గరికి పట్టుకుని, ఎవరి మోచేయి అయినా అడిగి పట్టుకో.

ఇంకో మాట. పిడి చేతిలో కొంచెం తిరిగినా పెట్టె చూసే దిక్కు మారిపోతుంది. ముందున్న స్తంభం వదిలేసి పక్క గోడను చూస్తుంటుంది, నువ్వేమో దారి బాగుందనుకుంటావు. కాబట్టి పిడి మీద బొటనవేలు ఎక్కడ ఉండాలో మొదటి రోజే ఖాయం చేసుకో. ఏటవాలుగా ఉన్న నున్నటి అద్దం శబ్దాన్ని పక్కకు తోసేస్తుంది, అందుకని షోరూముల ముందు నెమ్మదిగా నడు. రాత్రి అన్నం తిన్నాక ఫోన్‌తో పాటు దాన్నీ చార్జింగ్‌కు పెట్టు.

దివ్యాంగులకు పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడీఐపీ పథకం కింద స్మార్ట్‌కేన్ ఇస్తున్నారు. 40 శాతం లేదా అంతకు పైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. నీ సదరం సర్టిఫికెట్, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు రెండూ సిద్ధం చేసుకో. ఆదాయ పరిమితి ఉంటుంది, జీతం మొదలవుతోంది కాబట్టి ఆ సంగతి ముందే కనుక్కో. శిబిరాల్లో పెట్టె చేతికిచ్చి ఫోటో తీసుకుని పంపించేస్తుంటారు, వాడటం చూపించే మనిషి ఉండడు. అలాంటి ఒక పంపిణీ శిబిరానికి నేనూ వెళ్లాను. దేవరకొండ వైపు నుంచి వచ్చిన పెద్దాయన స్విచ్ ఎక్కడుందో తెలియక దాన్ని మామూలు కర్రలాగే పట్టుకుపోయాడు. నాకు ఆ రోజు చాలా కోపం వచ్చింది. వస్తువుకు పెట్టే ఖర్చులో కాస్తయినా నేర్పే మనిషికి పెట్టకపోతే ఆ ఖర్చంతా దండగే. నువ్వు మాత్రం నేర్పేదాకా కౌంటర్ దగ్గర్నుంచి కదలకు.

ఇక ఫోన్. దీని గురించే నీకు ఎక్కువ చెప్పాలి, నువ్వు దాన్నే ఎక్కువ నమ్ముతున్నావు కాబట్టి.

2000 మే నెల దాకా అమెరికా ప్రభుత్వం మామూలు జనం వాడే జీపీఎస్‌లో కావాలనే తేడా కలిపేది. 100 మీటర్ల దాకా తప్పు చూపించేది. ఆ ఆంక్ష తీసేశాకే మనలాంటివాళ్లు చేతిలో పట్టుకు నడిచే జీపీఎస్‌కు అర్థం వచ్చింది. ఇప్పుడు పైన ఆకాశం తెరిపిగా ఉంటే నీ ఫోన్ 5 మీటర్ల అటూ ఇటూగా చెబుతుంది. చూపున్నవాళ్లకు 5 మీటర్లు లెక్క కాదు, తలెత్తి బోర్డు చూసుకుంటారు. మనకు 5 మీటర్లంటే రోడ్డుకు ఇటా అటా అన్న తేడా. గుడి గేటా, పక్కనే ఉన్న పెట్రోలు బంకా అన్న తేడా. పైగా నీ దారంతా మెట్రో వంతెన నీడలోనే. పైన కాంక్రీటు, పక్కన ఎత్తయిన భవనాలు. సిగ్నల్ గోడలకు కొట్టుకుని ఆలస్యంగా అందుతుంది, మ్యాపులో నువ్వున్న చోటు చూపే చుక్క పక్క సందులోకి దూకుతుంది. ‘మీ గమ్యం వచ్చింది’ అని అది చెప్పినప్పుడు నువ్వు గమ్యానికి దగ్గర్లో ఉన్నావని మాత్రమే అర్థం.

అందుకే నాంపల్లిలో రైలు దిగాక ఏ వైపు మెట్లు దిగాలో ముందు నేర్చుకో. సరైన వైపు దిగితే ఫోన్ 5 మీటర్లు తప్పినా నువ్వు రోడ్డుకు సరైన పక్కనే ఉంటావు. తప్పు వైపు దిగితే ఫోన్ ఎంత సరిగ్గా చెప్పినా లాభం లేదు. రైల్లో ఉన్నంతసేపు మ్యాప్ ముట్టుకోకు. అమీర్‌పేట తర్వాత పంజాగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాద్, లక్డీకాపూల్, అసెంబ్లీ, నాంపల్లి. ఈ వరుస నోటికి వచ్చేయాలి. తెలుగులో కూడా ప్రకటిస్తారు, వింటూ కూర్చో. స్టేషన్లలో కాలి కింద గరుకు టైల్స్ ఉంటాయి, చెప్పు అరిగాక ఇంకా బాగా తెలుస్తాయి. పొడుగు గీతలుంటే ఆ వెంట నడవచ్చని, గుండ్రటి బుడిపెలు తగిలితే ఆగమని. అమీర్‌పేట రెండు లైన్లు కలిసే స్టేషన్, అంతస్తులు ఎక్కువ. అక్కడ మొదటి వారం సిబ్బందిని తోడు అడుగు, మొహమాటపడకు.

నోకియా ఫోన్ల కాలంలో మేం లోడ్‌స్టోన్ అనే ఉచిత ప్రోగ్రాం వాడాం. కెనడాలో చూపులేని ప్రోగ్రామర్లే దాన్ని రాశారు. బ్లూటూత్ జీపీఎస్ డబ్బా ఒకటి జేబులో విడిగా పెట్టుకోవాలి. మన ఊళ్లకు అందులో మ్యాపులు లేవు. ఎవరికి కావాల్సిన చోట్లు వాళ్లే నిలబడి సేవ్ చేసుకుని, పేరు పెట్టుకునేవాళ్లం. ఆ లేమి నాకు నేర్పిన పద్ధతే ఈ రోజుకూ మేలైనది. మ్యాపులో కంపెనీ వాళ్లు పెట్టిన పేర్లు కాదు, నీ పాదానికి తెలిసిన చోట్లు నీకు కావాలి. హాస్టల్ గేటు, మలుపు దగ్గర ఇనుప మూత, మెట్రో మెట్ల మొదలు, బ్యాంకు ర్యాంపు. ఒక్కో చోట నిమిషం పాటు కదలకుండా నిలబడి, చుక్క కుదురుకున్నాక ఆ చోటును సేవ్ చేసి నీ భాషలో పేరు పెట్టుకో. ‘ఇనుప మూత, ఇక్కడ ఎడమకు’ అని, తెర మీది అక్షరాలను చదివి వినిపించే టాక్‌బ్యాక్ చదివితే ఉన్న ధైర్యం ‘ఉత్తరంగా 40 మీటర్లు వెళ్లండి’ అంటే ఉండదు. ఉత్తరం ఎటో తెలియక నిలబడ్డవాళ్లకు ఆ మాట దేనికి? ఎండ ఏ చెంపకు తగులుతోందో చూసుకో, లేదంటే పది అడుగులు నడిచి చూడు, తప్పు దిక్కయితే ఫోనే సరిచేస్తుంది.

ఒకే యాప్ మీద ఆధారపడకు. మైక్రోసాఫ్ట్ 2018లో సౌండ్‌స్కేప్ అని తెచ్చింది. వెళ్లాల్సిన చోటు ఏ వైపుందో ఆ వైపు నుంచే శబ్దం వినిపించేది, ఎంతోమంది దానికి అలవాటుపడ్డారు. 2023లో ఆపేసింది. కోడ్ అందరికీ వదిలిపెట్టింది కాబట్టి ఐఫోన్‌లో వాయిస్‌విస్టా లాంటివి దాని నుంచి పుట్టాయి. నీది ఆండ్రాయిడ్ కాబట్టి గూగుల్ మ్యాప్స్ నడక దారితో మొదలుపెట్టు. నీ చోట్ల పేర్లు, మలుపులు మాత్రం విడిగా ఒక నోట్‌లో కూడా రాసి ఉంచుకో.

చెవుల మాట. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రోడ్డు మీద అడుగు పెట్టనని నాకు మాటివ్వాలి. వెనకనుంచి వచ్చే బండి దూరం, వేగం మనకు చెప్పేది చెవే. కరెంటు స్కూటర్లు, కరెంటు ఆటోలు వచ్చాక చెవికే కష్టంగా ఉంది, దానికీ అడ్డు పెడితే ఇంకేముంది? చెంప ఎముక ద్వారా వినిపించే బోన్ కండక్షన్ ఇయర్‌ఫోన్లు దొరుకుతాయి, చెవి రంధ్రం ఖాళీగా ఉంటుంది. కళ్లజోడుకు దాచిన డబ్బులో కొంచెం దీనికి పెట్టు. ఫోన్ చేతిలో వద్దు, మెడలో తాడుకు వేసుకో. ఒక చేతిలో కర్ర, రెండో చెయ్యి ఖాళీ.

రోడ్డు దాటేటప్పుడు ఏ యంత్రమూ మాట్లాడకూడదు, అన్నీ ఆపేసెయ్. మన సిగ్నళ్ల దగ్గర ఆకుపచ్చ పడ్డా బండ్లు ఎటుపడితే అటు తిరుగుతుంటాయి, పక్కనున్న మనిషి మోచేయి కంటే నమ్మకమైనది ఇంకా రాలేదు. బి మై ఐస్ యాప్‌లో వీడియో కాల్ చేస్తే చూపున్న వాలంటీర్ బోర్డు చదివి పెడతారు, మూసిన షాపా తెరిచిన షాపా చెబుతారు. గోడ పక్కన నిలబడి మాత్రమే దాన్ని వాడు, నడుస్తూ వద్దు. నువ్వు అడిగిన కళ్లజోడుదీ అదే పరిస్థితి. చాలావాటిల్లో ఫోటో తీసి ఇంటర్నెట్‌కు పంపి, జవాబు తెచ్చి చదువుతుంది. ఈలోపు నువ్వు నాలుగడుగులు వేసేసి ఉంటావు. బ్యాంకులో కాగితాలు చదవడానికి, బస్టాప్‌లో నిలబడి బోర్డు తెలుసుకోవడానికి పనికొస్తుంది. నడకకు కాదు. ఏడాది తర్వాత, చదవడం కష్టమవుతుంటే అప్పుడు చూద్దాం. కొనేముందు తెలుగు అక్షరాలు చదువుతుందా, రిపేరు హైదరాబాద్‌లోనే చేస్తారా అని అడుగుదాం.

ఉద్యోగంలో చేరేలోపు నీకు కొన్ని వారాలు ఉన్నాయి. మొదట ఆ దారిలో ఏ యంత్రమూ లేకుండా, మీ అన్నయ్యను పది అడుగులు వెనక నడవమని చెప్పి, కర్రతోనే పో. తప్పు తోవ పట్టినా అతను మాట్లాడకూడదు, ప్రమాదమైతేనే పిలవాలి. ఆ దారిని నువ్వే నాకు ఫోన్లో వరుసగా చెప్పగలిగిన రోజు స్మార్ట్‌కేన్ బయటికి తియ్యి, ఆ తర్వాత ఫోన్. అప్పటికి ఫోన్ ‘కుడికి తిరగండి’ అంటే, ‘కాదు, ఇంకా ఇనుప మూత తగల్లేదు’ అని దాన్ని ఆపగలిగేంత దారి నీలో ఉంటుంది. పగలు కుదిరాక అదే దారి రాత్రి ఏడు తర్వాత ఇంకోసారి. ఆర్పీ ఉన్నవాళ్లకు అవి రెండు వేర్వేరు దారులు, బ్యాంకులో నెలాఖరు రోజున బయటపడేసరికి చీకటి పడుతుంది.

వచ్చే ఆదివారం ఉదయం ఏడింటికల్లా అమీర్‌పేట హాస్టల్ దగ్గరికి వస్తాను. ఎండ ముదరకముందే మెట్రో మెట్ల దాకా ఇద్దరం రెండు కర్రలతో నడుద్దాం. బూట్లు వేసుకో, మందపాటి అడుగున్న చెప్పులు వద్దు, టైల్స్ తెలియవు. సదరం సర్టిఫికెట్ జిరాక్స్ రెండు కాపీలు తెచ్చుకో.

మీ అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య