ఖరగ్‌పూర్ క్వార్టర్లో మా నాయనమ్మ పెట్టిన నియమం

పుణెలో పెరుగుతున్న మీ పాప తెలుగులో మరాఠీ కలిపేస్తోందని, వేరే రాష్ట్రంలో పెరిగినవాళ్ళకు ఇంట్లో ఏం నేర్పారని అడిగారు. నా అనుభవం చెబుతాను.

మాది పశ్చిమ బెంగాల్లోని ఖరగ్‌పూర్. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లోనే శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పనికోసం వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. మా తాతయ్య రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. నాన్న, నేను అక్కడే పుట్టాం. క్వార్టర్లో గోడకు ఇటు మేము, అటు బెంగాలీ కాకిమా (పిన్ని అని అర్థం) వాళ్ళు.

బెంగాలీలో నీళ్ళు కూడా తింటారు, 'జొల్ ఖాబో' అంటారు. నేను ఇంటికొచ్చి "నీళ్ళు తింటాను" అనేదాన్ని. నాయనమ్మ తిట్టేది కాదు. గ్లాసు చేతికిచ్చి "తాగు" అనేది, అంతే. వరసలతో ఇంకా కష్టమయ్యేది. మేనమామ కొడుకు బావ అవుతాడని, పెళ్ళి కూడా చేసుకోవచ్చని చెబితే నా స్నేహితురాలు ముఖం అదోలా పెట్టింది. వాళ్ళలో అతను అన్నయ్య. ఏడుస్తూ వచ్చాను. "వాళ్ళ వరసలు వాళ్ళవి, మనవి మనవి. ఇందులో సిగ్గుపడేదేముంది?" అంది నాయనమ్మ.

ఆవిడ గట్టిగా పట్టుబట్టింది ఒక్కదానికే. మనమే ఉన్నప్పుడు తెలుగు మాట్లాడాలి. బయటివాళ్ళు వచ్చి కూర్చుంటే, వాళ్ళకు రాని భాషలో మనలో మనం మాట్లాడుకోకూడదు. తన బెంగాలీ సగం తెలుగే అయినా కాకిమాతో అదే మాట్లాడేది.

ఒకరోజు కాకిమా గిన్నెడు శుక్తో తెచ్చింది. కాకరకాయ, అరటికాయ, ములక్కాడ వేసి చేస్తారు, అన్నంలో మొదట తినేది అదే. నేనూ చెల్లీ ఆవిడ ముందే తెలుగులో "ఈ చేదు ఎవరు తింటారే?" అని నవ్వుకున్నాం. కాకిమా మెల్లగా, తెలుగులోనే, "నచ్చకపోతే వద్దమ్మా, బలవంతంగా తినకండి" అంది. ఇరవై ఏళ్ళుగా గోడ అవతల మా మాటలు వింటున్న మనిషికి తెలుగు వచ్చేసిందని మాకు తట్టనేలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

నాయనమ్మ మమ్మల్ని కొట్టలేదు. సాయంత్రం పులిహోర కలిపి అదే గిన్నెలో పెట్టి, ఇద్దరినీ పంపి క్షమాపణ అడగమంది. ఏ భాషలో అడగాలో తెలియక గుమ్మంలో నిలబడిపోయాం. చివరికి బెంగాలీలోనే అడిగాం.

అందుకే మీ పాప మాటలు కలిపేస్తోందని టెన్షన్ పడకండి. తప్పుగా అన్నప్పుడు సరైన మాట ఒకసారి అనండి చాలు. నా నీళ్ళు తినడం ఏడాదిలో పోయింది. ఆ నియమం మాత్రం నేనింకా పాటిస్తున్నాను. హైదరాబాద్‌లో మా ఆఫీసు లంచ్ బల్ల దగ్గర ఒడిశా అమ్మాయి కూర్చోగానే నేను హిందీలోకి మారిపోతాను.