మా వాడు ఉద్యోగం మానేసి స్టాండప్ కామెడీ చేస్తానంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది ఖమ్మం. ఎరువుల దుకాణం నడుపుతున్నాను. మా అబ్బాయికి 25 ఏళ్ళు. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి మూడో ఏడు. ఏడాదిన్నరగా రాత్రిపూట స్టాండప్ కామెడీ చేస్తున్నాడట, మాకు చెప్పలేదు. మా బావమరిది వాట్సాప్‌లో ఒక రీల్ పంపితే తెలిసింది. అందులో నా మీదే జోకు. "మా నాన్న ఫోన్ చేస్తే తిన్నావా అని అడగడు, ఎంత మిగిలింది అని అడుగుతాడు" అన్నాడు. ఊళ్ళో పరువు పోయింది. ఇప్పుడు ఉద్యోగం మానేసి పూర్తిగా ఇదే చేస్తానంటున్నాడు. నేను అమెరికాకు ఎమ్మెస్‌కి పంపిద్దామనుకుంటున్నాను. మాది పరువుగా బతికిన కుటుంబం. రెండు నెలలుగా వాడితో మాట్లాడటం లేదు. ఉద్యోగం, ఎమ్మెస్, కామెడీ మూడింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి.

జవాబు: పోల్చి చెబుతానండీ. కానీ ముందు మీ ఉత్తరం గురించే మాట్లాడాలి. ఇంత చిన్న ఉత్తరంలో పరువు అనే మాట రెండుసార్లు రాశారు. అబ్బాయి ఎన్ని గంటలు నిద్రపోతున్నాడు, రాత్రిళ్ళు ఏం తింటున్నాడు, ఆఫీసులో పని ఎలా ఉంది, ఈ ఏడాదిన్నరలో కామెడీ వల్ల చేతికి ఏమైనా వచ్చిందా, వీటి గురించి ఒక్క ముక్క లేదు. రెండు నెలలుగా మాట్లాడకపోతే ఎలా తెలుస్తాయి? దుకాణంలో కొత్త సరుకు పెట్టే ముందు పదిమందిని వాకబు చేస్తారు కదా. కొడుకు బతుకు గురించి బావమరిది పంపిన నలభై సెకన్ల వీడియో చూసి తీర్పు చెప్పేశారు.

ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఒకప్పుడు ఫొటోగ్రఫీ అన్నారు, తర్వాత యూట్యూబ్ అన్నారు, ఇప్పుడు స్టాండప్. పైకి అడిగేది కెరీర్ గురించే. లోపల ఉండే బెంగ మాత్రం ఒక్కటే: మా పిల్లాడు మాకు తెలియని మనిషి అయిపోయాడు అని. ఆ బెంగ న్యాయమైనదే. ఏడాదిన్నర దాచడం అబ్బాయి తప్పు, అది నేనూ ఒప్పుకోను. కానీ ఆ బెంగకు మందు అమెరికాలో దొరకదు.

అసలు ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. చాలామంది తల్లిదండ్రులు స్టాండప్ అంటే టీవీలో వచ్చే జబర్దస్త్ లాంటిది అనుకుంటారు. అక్కడ టీమ్ ఉంటుంది, వేషాలుంటాయి, వెనక ఛానెల్ ఉంటుంది. ఇక్కడ ఒక మనిషి, ఒక మైకు. రాసుకునేది తనే, చెప్పేది తనే, జనం నవ్వకపోతే ఆ నిశ్శబ్దంలో నిలబడేదీ తనే.

బీటెక్ చివరి ఏడాదిలో నా దగ్గరకు సలహాకు వచ్చిన ఒక కుర్రాడు ఇప్పుడు హైదరాబాద్‌లో ఇదే వృత్తిగా బతుకుతున్నాడు. ఈ ఉత్తరాలు ఎక్కువయ్యాక, తెలియకుండా సలహాలివ్వకూడదని ఒక రోజంతా అతని వెంట తిరిగాను. పొద్దున పది దాటాక లేచాడు. టీ తాగుతూ ఫోన్‌లో ముందు రోజు రాత్రి చెప్పిన అయిదు నిమిషాల రికార్డింగ్ పెట్టుకుని విన్నాడు. ఒక్కసారి కాదు, నాలుగుసార్లు. ఎక్కడ నవ్వారు, ఎంతసేపు నవ్వారు, నవ్వు పూర్తి కాకముందే తాను తర్వాతి మాట ఎక్కడ మొదలుపెట్టాడు, అన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. ఒక జోకు మూడు వారాలుగా పండటం లేదట. ఆ రోజు దాన్లో వాక్యం ఒకటి వెనక్కి జరిపాడు. నవ్వు తెప్పించే మాట వాక్యం చివర పడాలి, దాని తర్వాత ఇంకో మాట ఉంటే నవ్వు చచ్చిపోతుంది అని నాకు చెప్పాడు.

మధ్యాహ్నమంతా అచ్చంగా ఆఫీసు పనే. మూడు నెలల కింద ఒక కంపెనీ ఫంక్షన్‌లో చేసిన షో డబ్బులు ఇంకా రాలేదు, దానికి మెయిల్ పెట్టాడు. ఒక వీడియోకి సబ్‌టైటిల్స్ వేసుకున్నాడు. వారాంతపు షో పోస్టర్ తనే చేసుకున్నాడు. ఆరింటికి బండి తీశాడు. మొదటి ఓపెన్ మైక్ బంజారాహిల్స్‌లో. ఓపెన్ మైక్ అంటే ఎవరైనా పేరు ఇచ్చుకుని నాలుగైదు నిమిషాలు కొత్త జోకులు పరీక్షించుకునే చోటు. ఆ రోజు పదిహేనుమంది కమెడియన్లున్నారు, టికెట్ కొని వచ్చినవాళ్ళు అంతకంటే తక్కువ. వెనక నుంచి ఒకరు ఫోన్ లైటు చూపిస్తే నిమిషం మిగిలినట్టు. మూడు వారాలుగా పండని జోకుకి ఆ రాత్రి ఇద్దరు నవ్వారు. అతని ముఖం చూడాలి అప్పుడు! అక్కడి నుంచి గచ్చిబౌలి ట్రాఫిక్‌లో రెండో చోటికి. అక్కడ ముందు ఏడో పేరు అన్నారు, తీరా వెళ్ళాక పదమూడో పేరు చేశారు. రెండు గంటలు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అయిదు నిమిషాలు చెప్పాడు, ఎవరూ నవ్వలేదు. పదకొండు దాటాక నలుగురు కమెడియన్లు రోడ్డు పక్కన టీ తాగుతూ ఆ అయిదు నిమిషాల్లో తప్పెక్కడ జరిగిందో మాట్లాడుకున్నారు. గదికి చేరేసరికి ఒంటిగంట. సంపాదన సున్నా.

వారంలో నాలుగు రోజులు ఇలాగే గడుస్తాయి. శుక్ర, శని, ఆదివారాల్లో టికెట్ షోలు. లెక్క మీకు బాగా తెలుస్తుంది కాబట్టి చెబుతున్నాను. యాభై సీట్ల హాలు, టికెట్ 299 అనుకోండి. ముప్పైమంది వస్తే 8,970 రూపాయలు. హాలు వాటా, టికెట్ యాప్ కమీషన్ పోగా మిగిలింది ఆ రాత్రి చేసిన నలుగురు పంచుకోవాలి. వాన పడినా, క్రికెట్ మ్యాచ్ ఉన్నా ముప్పై కాస్తా పన్నెండు అవుతుంది. ఇంటి అద్దె కట్టేది ఈ షోలు కాదు, కంపెనీల ఫంక్షన్లు. అవి అందరికీ రావు. వచ్చినా రాజకీయం వద్దు, మతం వద్దు, మా బాస్ మీద వద్దు అని ముందే జాబితా ఇస్తారు. చెక్కు రావడానికి నెలలు పడుతుంది, అందులోనూ పది శాతం టీడీఎస్ కోత.

ఇక నా సందేహాలు. ఇవి మీ అబ్బాయికి కూడా చదివి వినిపించండి. ఈ మధ్య పిల్లలు నా దగ్గరకొచ్చి "సార్, ఒక్క రీల్ వైరలైతే చాలు" అంటున్నారు. ఆ మాట వింటే నాకు భయం వేస్తుంది. స్టేజీ మీద ఆడే జోకును యూట్యూబ్‌లో పెట్టేస్తే జనం వినేస్తారు, మళ్ళీ టికెట్ షోలో అదే చెబితే పాతబడిపోతుంది. అందుకని చాలామంది ముందు వరుసలో కూర్చున్నవాళ్ళతో అప్పటికప్పుడు మాట్లాడే 'క్రౌడ్ వర్క్' ముక్కలే రీల్స్‌గా పెడతారు. అవి చూసి జనం టికెట్ కొంటారు. తీరా చూస్తే ఆ కుర్రాడి దగ్గర రాసుకున్న సొంత సరుకు పన్నెండు నిమిషాలకు మించి ఉండదు. గంట షోకి డబ్బు కట్టినవాళ్ళు రెండోసారి రారు. పని చేతికి రాకముందే పేరు వస్తే జరిగేది ఇదే. పదివేలు, ఇరవైవేలు తీసుకుని స్టాండప్ నేర్పిస్తామనే వర్క్‌షాపుల మీద కూడా నాకు నమ్మకం లేదు. నవ్వని జనం ముందు యాభైసార్లు నిలబడితే వచ్చే చదువు ఏ క్లాసులోనూ దొరకదు.

పిల్లలు నాకు చూపించే ఉదాహరణ హిందీ కమెడియన్ జాకిర్ ఖాన్. 2025 ఆగస్టులో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో హిందీలో షో చేశారు, నిజంగా గొప్ప విషయం. కానీ ఆయన టీవీ పోటీలో గెలిచి పేరు తెచ్చుకున్నది 2012లో. తొలి గంట స్పెషల్, అంటే రికార్డు చేసి విడుదల చేసే పూర్తి షో, వచ్చింది 2017లో. గెలిచాక కూడా అయిదేళ్ళు పట్టింది. ఆ అయిదేళ్ళలో అదే దారిలో నడిచి వెనక్కి తిరిగినవాళ్ళ పేర్లు మనకు వినపడవు. కెరీర్ సలహా ఇచ్చేవాడు లెక్కలోకి తీసుకోవలసింది వాళ్ళని కూడా.

ఇంకో ప్రమాదం ఉంది, దాచను. స్టాండప్ కమెడియన్ మునావర్ ఫారూఖీని 2021 జనవరి 1న ఇందోర్‌లో అరెస్టు చేశారు. సుప్రీంకోర్టు మధ్యంతర బెయిల్ ఇచ్చేదాకా నెలకు పైగా జైల్లో ఉన్నాడు. 2022 ఆగస్టులో అతని షో మన హైదరాబాద్ శిల్పకళావేదికలో జరిగింది కానీ భారీ పోలీసు బందోబస్తు మధ్య జరిగింది. తండ్రి పొదుపు మీద జోకు వేసుకునే కుర్రాడికి అంత దూరం రాకపోవచ్చు. అయినా నోటితో చేసే వృత్తిలో ఏ మాట ఎవరికి గుచ్చుకుంటుందో తెలుసుకుని మాట్లాడటం కూడా పనిలో భాగమే.

మీరు అడిగిన పోలికలో ఎమ్మెస్ గురించి నేను ఎక్కువ చెప్పను. చదువు మీద ఇష్టంతో వెళ్ళేవాడికి అది మంచి దారే. ఒక అలవాటు మాన్పించడానికి లక్షల అప్పు చేసి పిల్లాడిని సముద్రం దాటించడం మంచి దారి కాదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక అక్కడ చదువుతున్న పిల్లలే టెన్షన్‌లో ఉన్నారు. మీవాడు ఎమ్మెస్ అడగలేదు, మీరు అనుకున్నారు. అడిగిన రోజు చూద్దాం.

మిగిలినవి ఉద్యోగం, కామెడీ. నా జవాబు సూటిగా: రెండూ ఉండనివ్వండి. ఇప్పుడే రాజీనామా వద్దు. ఇది మీ పక్షాన చెప్పడం లేదు, అతని జోకుల పక్షాన చెబుతున్నాను. నెల తిరిగేసరికి అద్దె కట్టాలన్న భయం ఉన్నవాడు ఏ ఫంక్షన్ పిలిచినా వెళ్తాడు, ఏది నవ్విస్తుందో అదే మళ్ళీ మళ్ళీ చెబుతాడు, కొత్తది ప్రయత్నించడు. జీతం ఉన్నవాడికి ఓడిపోయే స్వేచ్ఛ ఉంటుంది. వరంగల్ నేరెళ్ళ వేణుమాధవ్ గారు మిమిక్రీని దేశమంతా వినిపించారు, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయనా బడిలో పాఠాలు చెప్పిన మనిషే.

మరి ఎప్పుడు మానొచ్చు? నేనైతే కుర్రాడిని మూడు అడుగుతాను. నిన్ను ఎరగని జనం ముందు నలభై నిమిషాలు నీ సొంత మాటలతో నవ్వించగలవా? సంవత్సరం ఖర్చులు బ్యాంకులో ఉన్నాయా? అన్నిటికంటే ముఖ్యం, ఒకసారి డబ్బిచ్చి పిలిచినవాళ్ళు రెండోసారి పిలిచారా? మొదటి పిలుపు స్నేహం వల్ల రావచ్చు, రీల్ వల్ల రావచ్చు. రెండో పిలుపు పని వల్లే వస్తుంది. ఆ రోజు వచ్చాక మానేస్తే నేనే మీకు నచ్చజెబుతాను.

అందాకా చూసుకోవలసినవి ఉన్నాయి. ఆఫర్ లెటర్‌లో బయటి సంపాదన గురించి ఏం రాశారో చదవమనండి, అనుమానముంటే హెచ్చార్‌ని మెయిల్‌లోనే అడగమనండి. షోల ఆదాయం రిటర్నుల్లో చూపించాలి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది, సొంతంగా ఒకటి ఇప్పుడే తీసుకోవాలి. రాత్రి ఒంటిగంటకు పడుకుని తొమ్మిదింటికి మీటింగ్‌లో కూర్చునే శరీరం ఎంతకాలం ఓర్చుకుంటుంది? వారానికి మూడు రాత్రులకు మించి వద్దని చెప్పండి. షోలు చాలావరకు పబ్బుల్లో, కెఫేల్లో జరుగుతాయి కాబట్టి తాగుడు గురించి కూడా అడగండి. నిలదీసినట్టు కాకుండా అడగండి.

పరువు మాటకొస్తాను. బుర్రకథలో వంత పాడేవాళ్ళలో ఒకరి పని హాస్యం చెప్పడమే. ఊరి పెద్ద ముందు వరుసలో కూర్చుంటే ఆయన మీద కూడా ఒక మాట పడేది, ఆయనా నవ్వేవాడు. ఆ హాస్యం చెప్పినవాడిని మనవాళ్ళు పరువు తక్కువ మనిషి అనుకోలేదు. మీ అబ్బాయి తాగి గొడవ చేయలేదు, ఎవరి సొమ్మూ ఎత్తుకుపోలేదు. ఉద్యోగం చేసుకుంటూ, రాత్రి నిద్ర మానుకుని, తెలియని మనుషుల ముందు మాట్లాడటం నేర్చుకుంటున్నాడు. ఈ పనిలో ఎవరైనా మొదట ఇంటి నుంచే ఎత్తుకుంటారు, ఎందుకంటే వాళ్ళకు బాగా తెలిసింది ఇల్లే. మీవాడు ఎత్తుకున్నది మిమ్మల్ని. నొప్పించాడు, నిజమే. ఆ జోకు వద్దని మీరు చెబితే తీసేస్తాడని నా నమ్మకం. కానీ నాకొకటి చెప్పండి, మీవాడు అన్నది అబద్ధమా? మీరు ఫోన్‌లో అడిగేది డబ్బు గురించే అయితే, అది కూడా ప్రేమేనని మీకు తెలుసు, నాకు తెలుసు. వాడికి తెలియాలంటే మీరు నోరు విప్పాలి.

రేపే ఫోన్ చేయండి. మొదటి మాట తిన్నావా అని అడగండి. తర్వాత, వచ్చే శనివారం షో ఉంటే వస్తానని చెప్పండి. చెప్పకుండా వెళ్ళి కూర్చోవద్దు, మిమ్మల్ని చూసి కంగారులో మాట మర్చిపోతాడు. ముందు వరుస కూడా వద్దు, స్టేజీ మీదున్నవాళ్ళు ముందు వరుసవాళ్ళనే పలకరిస్తారు. మధ్యలో కూర్చోండి. మీవాడి అయిదు నిమిషాలే కాదు, మిగతావాళ్ళందరినీ చూడండి, ఎవరు నవ్వించారో ఎవరు నవ్వించలేదో మీకే తెలుస్తుంది. షో అయ్యేసరికి పదకొండు దాటుతుంది. ఖమ్మం బస్సు కోసం పరుగెత్తకండి, ఆ రాత్రికి వాడి గదిలోనే పడుకోండి.